తెమడ మేడమ్

నేను పరిశోధనలో చేరిన రోజుల్లో ఆస్తమా అంటే కండరం జబ్బు. ఊపిరి గొట్టాల చుట్టూ ఉండే సన్నటి కండరం బిగుసుకుంటుంది, గాలి లోపల చిక్కుకుపోతుంది, పిల్లికూతలు మొదలవుతాయి. కండరాన్ని సడలించే మందిస్తే మనిషి తేరుకుంటాడు. పాఠ్యపుస్తకం అంతే చెప్పేది, మేమూ అంతే నమ్మేవాళ్ళం. నాకు మొదట అప్పగించిన పని కూడా కండరంతోనే. గినీపిగ్ శ్వాసనాళాన్ని ఉంగరాలుగా కోసి, దారంతో గొలుసులా కట్టి, 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచిన లవణ ద్రావణంలో వేలాడదీసి, ఆక్సిజన్ బుడగలు పంపుతూ, ఏ మందు వేస్తే ఎంత ముడుచుకుంటుందో చూడాలి.

దాన్ని నమోదు చేసేది పొగచూరిన డ్రమ్ము. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. నున్నటి కాగితాన్ని డ్రమ్ముకు చుట్టి, దీపం పొగ మీద తిప్పుతూ సమంగా మసి పట్టించాలి. కండరం ముడుచుకున్నప్పుడల్లా దానికి కట్టిన మీట కదిలి, మొనతో ఆ మసిని గీకుతుంది. నలుపు మీద తెల్లగీత పడుతుంది. ప్రయోగం అయ్యాక కాగితాన్ని జాగ్రత్తగా విప్పి, లక్క ద్రావణంలో ముంచి ఆరేయాలి. ముంచేలోపు పొరపాటున మోచెయ్యి తగిలిందా, ఆ రోజు పని గోవిందా. గోళ్ళ సందుల్లో మసి ఎంత రుద్దినా పోయేది కాదు.

మా గైడ్‌ని ఎవరూ సార్ అనేవాళ్ళు కాదు. అందరికీ ఆయన మాస్టారే. ఆరిన కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఒక్కో గీతా వేలితో తడిమినట్టు చూసేవారు. అలర్జీలో ఒంట్లో ఊరే రసాయనం హిస్టమిన్ వేస్తే గీత చటుక్కున లేచేది, కడిగితే చటుక్కున దిగేది. ఆయనకు మోజంతా ఇంకో గీత మీద. అలర్జీ పుట్టించిన జంతువు ఊపిరితిత్తి ముక్క మీద ఆ అలర్జీ పదార్థాన్నే పోసి, అందులోంచి ఊరిన ద్రవాన్ని గినీపిగ్ పేగు ముక్క మీద వేసేవాళ్ళం. హిస్టమిన్‌ను అడ్డుకునే మందు ముందే వేసినా సరే, గీత పాకుతూ పాకుతూ పైకెక్కేది. ఎక్కి అక్కడే కూర్చునేది. కడిగినా దిగడానికి బద్ధకించేది. 1938లో మెల్‌బోర్న్‌లో ఫెల్డ్‌బర్గ్, కెల్లవే పాము విషంతో ప్రయోగాలు చేస్తూ మొదటిసారి ఇలా నెమ్మదిగా ముడుచుకోవడాన్ని గమనించారు. అదేమిటో తెలియక ‘నెమ్మదిగా పనిచేసే పదార్థం’ అని పిలిచి ఊరుకున్నారు. నలభై ఏళ్ళు దాటినా ఎవరూ దాన్ని పట్టుకోలేకపోయారు. ఆవగింజంత కూడా దొరకని పదార్థం, దొరికినా నిలవదు, నిలిచినా శుద్ధి కాదు.

నేను చేరిన కొత్తలోనే, 1979లో, స్వీడన్ నుంచి శామ్యూల్సన్ బృందం దాని గుట్టు విప్పింది. కణం పొరల్లో ఉండే అరాకిడోనిక్ ఆమ్లం నుంచి తయారయ్యే కొవ్వు పదార్థాలు అవి. ల్యూకోట్రైన్లని పేరు పెట్టారు. ఊపిరి గొట్టాలను బిగించడంలో హిస్టమిన్ కన్నా వెయ్యి రెట్ల బలం. మాస్టారు ఆ వ్యాసాన్ని నిలబడే చదివారు. చదివి, “అయితే ఇన్నాళ్ళూ ఈ మహానుభావుడి గీతనే మనం గీస్తున్నామన్నమాట” అని నవ్వారు. ఆయన సగం జీవితం దాని వెనకే గడిపారు. వేరొకరు ముందు చేరుకున్నారని ముఖం చిన్నబుచ్చుకోవడం నేను చూడలేదు. 1982లో శామ్యూల్సన్‌కు నోబెల్ వచ్చినప్పుడు ల్యాబ్ అంతటికీ ఆయనే సంబరంగా చెప్పారు. ఆ ల్యూకోట్రైన్లను అడ్డుకునే మాంటెలుకాస్ట్ మాత్ర అమెరికాలో అనుమతి పొందింది 1998లో. పొగ డ్రమ్ము మీద వంకర గీత కనిపించిన నాటి నుంచి లెక్కేసుకుంటే అరవై ఏళ్ళు.

ప్రయోగం మధ్యలో ఖాళీ దొరికితే మాస్టారు కథలు చెప్పేవారు. మా రంగంలో కథలకు కొదవ లేదు, ఎందుకంటే పూర్వం వాళ్ళు ప్రయోగశాలగా తమ ఒంటినే వాడుకున్నారు. మాంచెస్టర్ డాక్టరు చార్లెస్ బ్లాక్లీకి గడ్డి పూలు పూసే కాలమంతా తుమ్ములే తుమ్ములు. ఆయన పుప్పొడిని ఏరి దాచుకుని, ఆ కాలం కాని కాలంలో తన ముక్కులోకి, కంట్లోకి, గీరుకున్న చర్మం మీదికి వేసుకుని చూశాడు. గాలిలో ఎంత ఎత్తున పుప్పొడి ఉంటుందో తెలుసుకోడానికి జిగురు పూసిన గాజుపలకలు కట్టి గాలిపటాలు ఎగరేశాడు. ఇదంతా రాసి 1873లో పుస్తకం వేశాడు. ఇప్పుడు అలర్జీ క్లినిక్‌లో చేతి మీద బొట్టు వేసి సూదితో గుచ్చే పరీక్షకు ముత్తాత ఆయన చర్మం మీది గీరుడే.

మాస్టారికి మరీ ఇష్టమైన కథ జర్మన్ డాక్టర్లు ప్రౌస్నిట్జ్, కుస్ట్నర్‌లది. కుస్ట్నర్‌కి చేప పడదు. అదీ పచ్చిది కాదు, ఉడికినదే. ప్రౌస్నిట్జ్ అతని రక్తంలోంచి తీసిన సీరం చుక్కను తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారం ఎక్కించుకుంటే, నిమిషాల్లో దద్దురు లేచింది. ప్రౌస్నిట్జ్‌కి అంతకుముందు చేపతో ఏ పేచీ లేదు. పడకపోవడమనేది కుస్ట్నర్ సీరంతో పాటు వచ్చి చర్మంలో దిగింది. 1921లో అచ్చైన ఆ వ్యాసం మా అందరికీ మూలపురుషుడి లాంటిది. రక్తంలో ఏదో ఉందని తేలింది, ఏముందో తేలడానికి ఇంకో నలభై అయిదేళ్ళు పట్టింది. ప్రౌస్నిట్జ్ తర్వాత నాజీల జర్మనీ వదిలేసి, ఇంగ్లండ్ పక్కన వైట్ ద్వీపంలో మామూలు వైద్యం చేసుకుంటూ ఉండిపోయాడు. ఒకరి సీరం ఇంకొకరికి ఎక్కించడం నేడు ఏ ఎథిక్స్ కమిటీ దగ్గరా నడవదు, నడవకూడదు కూడా. రక్తంతో పాటు ఏ కామెర్లు వస్తాయో ఎవరికి తెలుసు!

ఆ ‘ఏదో’ ఏమిటో చెప్పింది డెన్వర్‌లో పనిచేసిన జపాన్ దంపతులు కిమిషిగె ఇషిజాకా, తెరుకో ఇషిజాకా. 1966లో వాళ్ళు పుప్పొడి అలర్జీ ఉన్నవాళ్ళ సీరంలోంచి అప్పటిదాకా ఎవరికీ తెలియని యాంటీబాడీని వేరుచేశారు. వాళ్ళూ అంతే, పరీక్షలు సొంత చర్మం మీదే. తెరుకో గారి గురించి విన్న రోజు నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. మా ల్యాబ్‌లో అప్పటికి ఆడపిల్లను నేనొక్కదాన్నే. సరిగ్గా అదే సమయంలో స్వీడన్‌లోని ఉప్సలాలో యోహాన్సన్, బెన్నిక్ ఇంకో దారిలో అక్కడికే వచ్చారు. వాళ్ళకు మైలోమా అనే రక్త క్యాన్సర్ ఉన్న రోగి ఒకరి రక్తంలో వింత ప్రోటీన్ కుప్పలుగా దొరికింది. మామూలు మనిషి రక్తంలో అది అన్నిటికన్నా ఎక్కువుండే యాంటీబాడీ ఐజీజీలో పదివేల వంతుల్లో ఒక వంతు కూడా ఉండదు. అంత తక్కువ ఉన్నదాన్ని వెతకడం ఒక ఎత్తు, కుప్పగా దొరికినదాన్ని గుర్తుపట్టడం ఇంకో ఎత్తు. రెండు బృందాలూ నమూనాలు ఇచ్చిపుచ్చుకుని, రెండూ ఒకటేనని తేల్చుకుని, 1968లో లోసాన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమావేశంలో దానికి ఐజీఈ అని పేరు ఖాయం చేశాయి. ఎవరు ముందు అని కొట్టుకోలేదు. ఈ రంగంలో నాకు తెలిసిన అతి మర్యాదైన సంఘటన ఇదే.

పీహెచ్‌డీ అయ్యాక కొన్నేళ్ళు నేను ఈ ఐజీఈ కొలతలే చేశాను. రాస్ట్ అనే పరీక్ష. రేడియో అయోడిన్ తగిలించిన యాంటీబాడీతో చేయాలి. అయోడిన్ 125 అరవై రోజులకు సగమైపోతుంది కాబట్టి కిట్టు దారిలో ఎక్కడైనా ఆగిందంటే మా చేతికి వచ్చేసరికి చేవ తగ్గేది. కోటుకు ఫిల్మ్ బ్యాడ్జీ, చేతికి రెండు జతల గ్లవ్స్, గామా కౌంటర్ టకటకలు. దాని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఒక్కటి మాత్రం అప్పుడే ఒంటబట్టింది: ఐజీఈ ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. దుమ్ము పురుగు మీద గంపెడు ఐజీఈ ఉండి, హాయిగా దుమ్ము దులుపుకునే మనుషులు బోలెడు మంది. నూటయాభై పదార్థాలకు ఒకేసారి రక్తపరీక్ష చేసి, పాజిటివ్ వచ్చినవన్నీ మానేయమని రాసిచ్చే రిపోర్టులు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దుమ్ము పురుగు అంటే గుర్తొచ్చింది. ఇంటి దుమ్ము పడదని రోగులు ఎప్పటి నుంచో చెబుతూనే ఉన్నారు. దుమ్ములో ఏది పడదో ఎవరికీ తెలియదు. 1960లలో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫోర్‌హోర్స్ట్, స్పీక్స్మా బృందం తేమగా ఉండే ఇళ్ళ దుమ్ములో కంటికి ఆనని పురుగుల్ని పట్టుకుంది. మిల్లీమీటరులో మూడోవంతు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు దాని ఆహారం. తీరా చూస్తే అసలు సమస్య పురుగు కన్నా దాని పెంట. ఇది క్లినిక్‌లో వివరించేటప్పుడు రోగుల ముఖాలు చూడాలి! పరుపులు ఉతికించడానికి నేను వాడిన ఆయుధాల్లో ఇంతకు మించినది లేదు.

ఇదంతా నడుస్తుండగా కండరం కథ కింద నేల కదులుతోంది. 1976 తర్వాత న్యూజిలాండ్‌లో ఆస్తమా మరణాలు, అదీ కుర్రవయసు వాళ్ళవి, ఉన్నట్టుండి పెరిగాయి. కండరాన్ని సడలించే ఫెనొటెరాల్ ఇన్‌హేలర్‌తో వాటికి సంబంధం ఉందని 1989లో అక్కడివాళ్ళే లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. దాని వాడకం తగ్గాక మరణాలు తగ్గాయి. కండరం సడలింది, మనిషి పోయాడు. అంటే లోపల ఇంకేదో జరుగుతోంది. చనిపోయిన ఆస్తమా రోగుల ఊపిరితిత్తులు కోసిన పాథాలజిస్టులు అదేమిటో ఎప్పుడో చెప్పారు: గొట్టాలు జిగట కఫంతో బిరడా వేసినట్టు మూసుకుపోయి ఉంటాయి, గోడలు వాచి ఉంటాయి, ఆ వాపులో ఇసినోఫిల్ అనే ఒక రకం తెల్లరక్తకణాలు కిక్కిరిసి ఉంటాయి. 1980లలో ఊపిరి గొట్టాల్లోకి దించి చూసే బ్రాంకోస్కోప్‌తో బతికున్నవాళ్ళ గొట్టాల నుంచి ముక్క తీసి చూస్తే, ఏదో అప్పుడప్పుడు ఆయాసపడే మామూలు రోగుల్లో కూడా అదే వాపు. మాస్టారు అప్పటికి రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డారు. “పేగు ముక్కకి వాపు రాదు కదమ్మా, మనకెలా కనిపిస్తుంది” అన్నారు.

ఇసినోఫిల్‌ని 1879లో పాల్ ఎర్లిష్ రంగు వేసి గుర్తించాడు. ఇయోసిన్ రంగంటే దానికి ప్రాణం. గింజలన్నీ ఇటుక ఎరుపులో మెరుస్తాయి, మధ్యలో రెండు తమ్మెల కేంద్రకం. ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ పొరబడరు. అది రోగి గొట్టాల్లో ఎంతుందో తెలుసుకోవాలంటే ప్రతిసారీ బ్రాంకోస్కోప్ వేయలేం. దానికి తేలికైన దారి కెనడాలోని హామిల్టన్‌లో, మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్డీ హార్‌గ్రీవ్ బృందం చూపించింది. 1992లో వాళ్ళు రాసిన వ్యాసం చదివి నేను ఆ పనికి దిగాను. అప్పటి నుంచి నా పేరు మారిపోయింది. కారిడార్‌లో జూనియర్లు గుసగుసగా ‘తెమడ మేడమ్’ అనేవాళ్ళు. నాకు తెలియదనుకునేవాళ్ళు పాపం.

పని ఇదీ. రోగికి ముందు గొట్టాలు బిగుసుకోకుండా మందు పీల్పించి, తర్వాత గాఢమైన ఉప్పునీటి ఆవిరి పట్టిస్తాం. మూడు శాతంతో మొదలుపెట్టి అయిదు దాకా. మధ్యమధ్యలో ఊపిరి బలం కొలుస్తూ ఉండాలి. ఇరవై శాతం పడిపోయిందంటే అక్కడితో ఆపెయ్యాలి. లోపలి నుంచి దగ్గి ఉమ్మిన దాంట్లో లాలాజలం కాకుండా చిక్కటి ముద్దల్ని శ్రావణంతో ఏరాలి. జిగటను కరిగించడానికి డైథయోథ్రైటాల్ పోయాలి. దాని గంధకపు కంపు చీరకు పట్టి నాతో పాటు ఇంటికి వచ్చేది. వడకట్టి, తిప్పి, గాజుపలక మీద పరిచి, రంగు వేసి, నాలుగు వందల కణాలు లెక్కపెట్టాలి. ఇదంతా కఫం తీసిన రెండు గంటల్లోపు మొదలవ్వాలి, లేకపోతే కణాలు చెదిరిపోతాయి. అంటే రోగి ఎప్పుడు దగ్గితే అప్పుడే మన భోజనం వాయిదా. మా టెక్నీషియన్ పెద్దాయన ఎడమచేత్తో లెక్కల మిషన్ మీటలు నొక్కుతూ, కుడిచేత్తో మైక్రోస్కోప్ తిప్పుతూ, నోటితో ఇంట్లో సంగతులు చెబుతూ పోయేవాడు. అయినా లెక్క తప్పేది కాదు. నేను మళ్ళీ లెక్కపెట్టి సరిచూస్తే మనసు కష్టపెట్టుకునేవాడు. “నామీద నమ్మకం లేకపోతే చెప్పండి మేడమ్, వెళ్ళి బల్లలు తుడుచుకుంటా” అనేవాడు. నమ్మకం లేక కాదనీ, ఇద్దరు చూడడం పద్ధతి అనీ ఎన్ని మాటలు చెప్పినా ఆ రోజంతా మౌనమే.

నూటికి రెండు మూడు దాటి ఇసినోఫిల్స్ ఉంటే ఎక్కువ కింద లెక్క. ఆశ్చర్యం ఏమిటంటే ఆస్తమా రోగులందరికీ అవి ఎక్కువ లేవు. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఒకేలా ఈలలు వేసే ఇద్దరిలో ఒకరి స్లైడ్ ఎర్రగా ఉండేది, ఇంకొకరి స్లైడ్‌లో ఎరుపు వెతుక్కోవాల్సి వచ్చేది. స్టెథస్కోప్‌కి ఇద్దరూ ఒకటే. ఇదేదో కొత్త సంగతి పట్టుకున్నామని సంబరపడుతూ పాత సంపుటాలు తిరగేస్తుంటే హ్యారీ మోరో బ్రౌన్ దొరికాడు.

ఆయన ఇంగ్లండ్‌లో డెర్బీలో ఛాతీ డాక్టరు. 1956లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పెద్ద ట్రయల్ చేసి, దీర్ఘకాలిక ఆస్తమాలో కార్టిజోన్ అనే స్టెరాయిడ్ వల్ల చెప్పుకోదగ్గ ప్రయోజనం కనబడలేదని తేల్చింది. స్టెరాయిడ్ కథ అక్కడితో ముగిసిపోవాల్సింది. ఈయన మాత్రం రోగుల కఫాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి, తర్వాత ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చాడు. కఫంలో ఇసినోఫిల్స్ ఉన్నవాళ్ళు తేరుకున్నారు, లేనివాళ్ళకు ఆ మందు పనిచేయలేదు. ఇద్దర్నీ కలిపేసి సగటు తీస్తే మందు పనికిరానట్టే కనబడుతుంది. 1958లో లాన్సెట్‌లో వేశాడు. మళ్ళీ 1972లో బెక్లోమెథాసోన్‌ను ఇన్‌హేలర్‌గా మొదట ప్రయత్నించి చూపిన వ్యాసం కూడా ఆయనదే. ప్రపంచమంతా ఇప్పుడు పీలుస్తున్న స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌కు ఆది అక్కడ. అంత మనిషి చెప్పిన మాటను మా తరం చదవను కూడా లేదు. మందు పట్టుకున్నాం, మైక్రోస్కోప్ వదిలేశాం.

ఆ రోజుల్లో ఒక నిధుల కమిటీ ముందుకు వెళ్ళాను. ఎక్కడని చెప్పను. “ఇది పాథాలజీ ల్యాబ్ కుర్రాడు చేసే పని కదా, ఇందులో కొత్తదనం ఏముంది? అణువు స్థాయిలో ఏదైనా చేయండి” అన్నారు. అప్పట్లో గాలి అటే వీస్తోంది. 1986లో మాస్మన్, కాఫ్‌మన్ అనే శాస్త్రవేత్తలు, రోగనిరోధక వ్యవస్థను నడిపించే సహాయక టీ కణాలు రెండు రకాలని చెప్పినప్పటి నుంచి అందరి చూపూ రెండో రకం మీదే. అవి ఇంటర్‌ల్యూకిన్లనే సంకేత ప్రోటీన్లు వదులుతాయి. ఇంటర్‌ల్యూకిన్ 4 వల్ల ఐజీఈ తయారవుతుంది, ఇంటర్‌ల్యూకిన్ 5 వల్ల ఇసినోఫిల్స్ పుట్టి బతుకుతాయి, 13 వల్ల గొట్టాలు జిగటెక్కుతాయి. చక్కటి చిత్రం. అందమైన బాణాలు. ఆ చిత్రమంతా చాలావరకు ఎలుకల్లోంచి వచ్చింది. ఎలుకకు గుడ్డు తెల్లసొన ప్రోటీన్‌తో అలర్జీ పుట్టించి, ముక్కులో అదే పోసి, వారంలో ‘ఆస్తమా’ తెప్పించేవాళ్ళు. నేనూ చేశాను, వ్యాసాలూ వేశాను, వాటితోనే ప్రమోషనూ వచ్చింది. కానీ ఎలుకకు తనంతట తానుగా ఆస్తమా రాదు. అర్ధరాత్రి మూడింటికి లేచి కిటికీ పట్టుకుని నిలబడే ఎలుకను నేను చూడలేదు.

చిత్రం అంత స్పష్టంగా ఉంటే మందు తేలికే కదా. ఇంటర్‌ల్యూకిన్ 5ను పట్టేసే యాంటీబాడీ ఇస్తే ఇసినోఫిల్స్ పోతాయి, ఆస్తమా పోతుంది. ఆ యాంటీబాడీ మెపోలిజుమాబ్. 2000లో మొదటి ఫలితం లాన్సెట్‌లో వచ్చింది. స్వల్ప అలర్జీ ఆస్తమా ఉన్న ఇరవై నలుగురు మగవాళ్ళు. రక్తంలో, కఫంలో ఇసినోఫిల్స్ ఊడ్చిపెట్టుకుపోయాయి. అలర్జీ పదార్థం పీల్పిస్తే మాత్రం ఊపిరి గొట్టాలు ఎప్పట్లాగే బిగుసుకున్నాయి. ఆ వారం మాకు వచ్చిన ఫోన్లు పరామర్శల్లాగే ఉన్నాయి. సమావేశాల్లో వేదిక ఎక్కినవాళ్ళు ‘ఇసినోఫిల్ వట్టి ప్రేక్షకుడు’ అనే ధోరణిలో మాట్లాడారు. 2003లో ఇంకో సంగతి తేలింది, ఆ మందు రక్తంలో ఇసినోఫిల్స్‌ని ఊడ్చినంతగా గొట్టాల గోడల్లో ఊడ్చలేకపోతోంది. సగం దాకా అక్కడే ఉంటున్నాయి. ఎవరూ పెద్దగా చెవిన పెట్టలేదు. 2007లో మూడు వందల అరవై మందికి పైగా రోగులతో పెద్ద ట్రయల్ వచ్చింది, అదీ తేలిపోయింది. మా దగ్గర చేరడానికి వచ్చే విద్యార్థులు, ఇసినోఫిల్ అనగానే మొహమాటంగా నవ్వి పక్క ల్యాబ్‌కి వెళ్ళేవాళ్ళు.

ఈ మధ్యలో 2002లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి పావోర్డ్ బృందం చేసిన చిన్న అధ్యయనం నన్ను నిలబెట్టింది. డెబ్బై నాలుగు మంది రోగులు. సగం మందికి మామూలుగా లక్షణాలు చూసి మందు సర్దారు. మిగతా సగానికి కఫంలో ఇసినోఫిల్స్ చూసి సర్దారు. ఏడాదిలో తీవ్రంగా ముదిరిన సందర్భాలు మొదటి వాళ్ళలో 109, రెండో వాళ్ళలో 35. మందులేమీ కొత్తవి కావు. చూసే చోటు మారింది, అంతే. ఆ కాగితాన్ని మా టెక్నీషియన్ పెద్దాయన బల్ల మీద పెట్టి వివరిస్తే, “మరి మనమెప్పుడూ ఇదేగా చెబుతున్నాం” అన్నాడు. ఆ ‘మనం’ వినడానికి ఎంత బాగుందో.

2009 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి లెస్టర్ వాళ్ళది, అరవై ఒక్క మందితో. ఇంకోటి హార్‌గ్రీవ్ ఉన్న హామిల్టన్ నుంచి, పరమేశ్వరన్ నాయర్ ముందు పేరుగా, ఇరవై మందితో. మందు పాతదే, మెపోలిజుమాబే. ఈసారి మాత్రం స్టెరాయిడ్లు వాడుతున్నా కఫంలో ఇసినోఫిల్స్ తగ్గని వాళ్ళనే ఎంచుకున్నారు. ఉన్నట్టుండి ముదిరే దాడుల్ని లెక్కపెట్టారు. దాడులు తగ్గాయి. హామిల్టన్ రోగుల్లో స్టెరాయిడ్ మాత్రల మోతాదు కూడా దించగలిగారు. మోరో బ్రౌన్ 1958లో చేసిన పనే ఇది, మందు పేరు వేరు. చదువుతుంటే సంతోషంతో పాటు కోపమూ వచ్చింది. యాభై ఏళ్ళ నాటి పాఠం మళ్ళీ నేర్చుకోవడానికి తొమ్మిదేళ్ళు, అన్ని కోట్ల ఖర్చు, మధ్యలో ఆ మందును దాదాపు చెత్తబుట్టలో వేసినంత పని. 2012లో ఆరు వందల మందికి పైగా రోగులతో చేసిన ట్రయల్ దాన్ని ఖాయం చేసింది. 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది.

మా దగ్గరికి ఎన్నో ఏళ్ళుగా వచ్చే ఒకావిడ ఉండేవారు. టీచరు. ప్రెడ్నిసోలోన్ మాత్రలతోనే బతుకు. ముఖం ఉబ్బి, చర్మం పలచబడి, ఎముకలు గుల్లబారి, షుగరు వచ్చి. మాత్ర తగ్గిస్తే ఆస్పత్రి, తగ్గించకపోతే ఇవన్నీ. ఆవిడ స్లైడ్ ఎప్పుడు చూసినా ఎర్రగా ఉండేది. మా విద్యార్థులకు ఇసినోఫిల్ చూపించాలంటే ఆవిడ స్లైడే బయటకు తీసేవాళ్ళం. కొత్త ఇంజెక్షన్ మొదలుపెట్టాక ఆవిడ మాత్ర మెల్లమెల్లగా దించారు డాక్టర్లు. ఒకసారి వచ్చి, “మేడమ్, నా పాత ముఖం నాకు తిరిగొచ్చింది, మా మనవరాలు గుర్తుపట్టలేదు” అన్నారు. ఆ రోజు ఆవిడ కఫంలో ఎరుపు దొరకలేదు. మా కొత్త విద్యార్థి స్లైడ్ పాడైందేమో అనుకుని మళ్ళీ రంగు వేశాడు.

అందరికీ ఇలా జరగలేదు. ఎరుపు లేని స్లైడ్ల వాళ్ళు ఉండనే ఉన్నారు. ఏ వాపూ సరిగ్గా కనిపించని వాళ్ళు, న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం తెల్లకణాలు నిండిన వాళ్ళు, స్టెరాయిడ్ పెంచుకుంటూ పోయినా కదలని వాళ్ళు. 2021లో వచ్చిన టెజెపెలుమాబ్ అనే మందు గొట్టాల లోపలి పొర నుంచి వచ్చే సంకేతాన్నే ఆపుతుంది కాబట్టి ఇంకొంత విస్తృతంగా పనిచేస్తుంది. అయినా ఆ కుర్చీలో రెండో మనిషికి చెప్పడానికి నా దగ్గర చాలాకాలం ఏమీ లేదు. “మీకిది పనిచేయదు” అని చెప్పగలగడం కూడా ఒక సహాయమే, కనీసం అక్కర్లేని స్టెరాయిడ్ తప్పుతుంది. విన్నవాళ్ళకు మాత్రం అది సహాయంలా వినబడదు.

నేను రిటైర్ అయ్యాక, 2019లో, సైన్స్ పత్రికలో బెల్జియం నుంచి ఒక వ్యాసం వచ్చింది. షార్కో–లీడన్ స్ఫటికాల మీద. ఆస్తమా రోగుల కఫంలో రెండువైపులా మొనదేలిన సన్నటి స్ఫటికాలు కనిపిస్తాయని పంతొమ్మిదో శతాబ్దం నుంచీ తెలుసు. ఇసినోఫిల్ చితికిపోయినప్పుడు దానిలోని గాలెక్టిన్ 10 అనే ప్రోటీన్ గడ్డకట్టి అలా అవుతుంది. అవి శవాల పక్కన పడి ఉన్న ఎముకల్లాంటివని, వాటితో పని లేదని మేమంతా అనుకున్నాం. ఆ స్ఫటికాలే ఎలుక ఊపిరితిత్తిలో వాపు రేపుతున్నాయని, వాటిని కరిగించే యాంటీబాడీతో ఆ వాపు తగ్గుతోందని వాళ్ళు చూపించారు. (మళ్ళీ ఎలుకే. చూద్దాం.)

ఇప్పుడు ఆ ల్యాబ్ నడుపుతున్నది నా దగ్గర చదువుకున్న అమ్మాయే. ఆ వ్యాసం చూసి వెంటనే ఫోన్ చేసింది. “మేడమ్, మన పాత రిజిస్టర్లలో స్ఫటికాల కాలమ్ ఉండేది కదా, ఎవరికి ఎన్ని ఉన్నాయో, తర్వాత వాళ్ళకేమైందో చూడొచ్చు” అంది. ఉండేది. రంగు వేయకముందు తడి స్లైడ్ ఒకటి చూసి, స్ఫటికాలు కనిపిస్తే రాయాలని మాస్టారు ఎప్పుడో పెట్టిన నియమం. ఎందుకో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. అన్నేళ్ళూ టెక్నీషియన్ పెద్దాయన ఆ గడి నింపుతూనే ఉన్నాడు. ఒక ప్లస్సు, రెండు ప్లస్సులు, మూడు ప్లస్సులు. చిక్కల్లా, రెండు ప్లస్సులంటే ఎన్ని స్ఫటికాలో ఎక్కడా రాసి లేదు. ఆయన్నే అడుగుదామని ఫోన్ చేశాం. “చూస్తే తెలిసిపోతుంది కదండీ” అన్నాడు. దాంతో ఆ అమ్మాయి పాత స్లైడ్ల పెట్టెలు కొన్ని తీసుకుని ఆయన ఇంటికే వెళ్దామంటోంది. ఆయన చూసి చెబితే, మేమిద్దరం లెక్కపెట్టి, ప్లస్సులకు అంకెలు కడదామని. మైక్రోస్కోప్ మాత్రం మంచిదే తెమ్మన్నాడట, పనికిమాలినది తెస్తే కూర్చోనని.